పాఠమునకు పరీక్ష

పాఠము చెప్పిన పిమ్మట విద్యార్థిని పరీక్షించుట మనకు అనాదిగా అలవాటు. తప్పు వ్రాసినవానిని మందబుద్ధి యనుటయు అలవాటే. కాని ఆ తప్పు విద్యార్థిది గాక పాఠముదే యగు సందర్భములు లేవా? పాఠమును లోకమున విడుచుటకు ముందు దానినే ఒకసారి పరీక్షింపరాదా? ఈ ప్రశ్న చూచుటకు సామాన్యమే. అయినను దీనిని విద్యావేత్తలు గట్టిగా అడిగినది గత శతాబ్ది నడిమికాలమునందే.

ఎదుట కూర్చున్న పిల్లవాని ముఖము చూచి ఉపాధ్యాయుడు మాట మార్చుకొనును. రేడియోలో ప్రసంగించువానికి ఆ భాగ్యము లేదు. శ్రోత తల యూచెనో, ఆవులించెనో అతడెరుగడు. నేడు సెల్‌ఫోనులలో ఇంటింటికి చేరు ఆన్‌లైన్ పాఠముల స్థితియు ఇదియే. ఒకసారి తయారై వేలమందికి అందు పాఠమున దొరలిన చిన్న లోపము వేలమందిని బాధించును.

1953లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ తన కుమార్తె చదువు గణితపు తరగతిని చూడబోయెను. తాము చేసిన లెక్క సరియో తప్పో పిల్లలకు వెంటనే తెలియకపోవుట అతనికి వింతగా తోచెను. తరువాత అతడు బోధనయంత్రములను నిర్మించి, పాఠమును చిన్నచిన్న మెట్లుగా విభజించి, మెట్టుమెట్టునకు ప్రశ్న చేర్చెను. పలువురు ఒకేచోట తప్పినచో ఆ మెట్టును తిరిగి వ్రాయవలెను. ఇట్లు విద్యార్థి చేసిన తప్పు పాఠమును దిద్దు సాధనమయ్యెను.

1967లో మైకేల్ స్క్రివెన్ అను తత్త్వవేత్త మూల్యాంకనమును రెండుగా విభజించి పేర్లు పెట్టెను. పాఠము తయారగుచుండగా దిద్దుటకై చేయునది నిర్మాణాత్మకము; ముగిసిన పిమ్మట ఫలమును తేల్చునది సంగ్రహణాత్మకము. రాబర్టు స్టేక్ అను పండితుడు దీనికి వంటను పోలికగా చెప్పెను. వండువాడు రుచి చూచుట మొదటిది, అతిథి రుచి చూచుట రెండవది. పులుసు పొయ్యిమీద నున్నంతవరకు ఉప్పు సరిచేయవచ్చును. విస్తరిలో పడిన పిమ్మట చేయగలిగినది స్వల్పము.

ఇందుకు ప్రసిద్ధోదాహరణము 'సెసమీ స్ట్రీట్' అను అమెరికా టెలివిజన్ కార్యక్రమము. బడియీడు రాని పిల్లలకు అక్షరములు, అంకెలు నేర్పుటకై జోన్ గాంజ్ కూనీ మొదలగువారు దీనిని రూపొందించిరి. 1969 జూలైలో ఐదు ప్రయోగభాగములను తీసి ఫిలడెల్ఫియా నగరమున పిల్లలకు చూపిరి. పరిశోధనాధ్యక్షుడు ఎడ్వర్డ్ పామర్ అంతకుముందే ఒక ఉపాయము పన్నియుండెను. టెలివిజన్ ప్రక్కన మరొక తెరపై ఏడున్నర సెకనుల కొక చిత్రము మారుచుండును. పిల్లవాని చూపు పాఠముపై నిలిచెనా, ప్రక్క తెరపైకి పోయెనా అని పరిశీలకులు గుర్తించుచుందురు.

ప్రయోగభాగముల ఫలితము నిర్మాతలను కలవరపెట్టెను. కల్పనను వాస్తవముతో కలిపినచో పిల్లలు తికమకపడుదురని నిపుణులు చెప్పియుండిరి. అందుచే వీధిదృశ్యములలో మనుష్యులనే చూపి, మాటలాడు బొమ్మలను వేరుగా నుంచిరి. సరిగా ఆ వీధిదృశ్యములందే పిల్లల చూపు చెదరెను! నిర్మాతలు ఆ సలహాను విడిచి బొమ్మలను వీధిలోనికి తెచ్చిరి. బిగ్ బర్డ్ అను పెద్దపక్షి అట్లు వచ్చినదే. నవంబరు 10న ప్రసారము ఆరంభమయ్యెను. పండితుల ఊహకంటె పిల్లల కన్ను నిజము చెప్పెను.

మన దేశమునను 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము ఉపగ్రహ టెలివిజన్ బోధనప్రయోగము జరిగెను. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామముల కది చేరెను. కార్యక్రమముల తయారీకి ముందే పరిశోధకులు పల్లెలకు పోయి జనుల జీవనమును, అవసరములను తెలిసికొనిరి.

ఇంటర్నెట్ యుగమున ఈ ఓర్పు కొంత సడలెను. 2011లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము నుండి వెలువడిన కృత్రిమమేధ పాఠములకు సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసికొనిరి. కడవరకు నిలిచినవారు అందులో కొద్దిభాగమే. 2013లో కాలిఫోర్నియాలోని శాన్‌హోసే విశ్వవిద్యాలయము ఒక సంస్థతో కలిసి ఆన్‌లైన్ గణితపాఠములను త్వరత్వరగా ఆరంభించెను. కొందరు విద్యార్థులకు కంప్యూటర్ అందుబాటున లేదని పాఠములు మొదలైన పిమ్మట తెలిసెను. ఉత్తీర్ణులు తక్కువగుటచే జూలైలో ఆ ప్రయత్నమును తాత్కాలికముగా ఆపిరి.

ముందుగా పరీక్షించుటకు గొప్ప ధనము అక్కరలేదు. నేర్వదలచిన ఐదుగురిని పిలిచి, వారి ఫోనులోనే పాఠమిచ్చి, ప్రక్కన మౌనముగా కూర్చుండిన చాలును. ఎచ్చట ఆగిరి, ఏ మాటకు వెనుకకు పోయిరి, ఏ మీట కానరాక వెదకిరి అని వ్రాసికొనవలెను. వివరించి చెప్పవలెనన్న ఆత్రమును మాత్రము అణచుకొనవలెను. పెక్కు లోపములు ఈ కొద్దిమంది చేతనే బయటపడునని జాకబ్ నీల్సన్ వంటి పరిశోధకులు చూపిరి. "బాగున్నదా?" అని అడిగినచో మర్యాదకు బాగున్నదందురు, నేర్చినదానితో ఒక పని చేయించి చూచినగాని నిజము తేలదు.

అర్థముకాని పాఠమును విడిచిపోవు విద్యార్థి ఫిర్యాదు వ్రాయడు. తనకు చదువు అబ్బదనుకొని మౌనముగా లేచిపోవును. ఆ మౌనము మొదలగుటకు ముందే పాఠమును పరీక్షించుట పాఠము చెప్పువాని ధర్మము.