మన ఊరి హాల్లో 'మరో చరిత్ర'

బడి గురించి ఈ సంచికలో చాలామంది రాస్తారు. నేను మాత్రం బడికి రెండు వీధుల అవతల ఉన్న సినిమా హాలు గురించి, అందులో ఆడిన ఒక సినిమా గురించి రాస్తున్నాను. మా బ్యాచ్ చరిత్రలో దానికీ ఒక పేజీ ఉంది.

కె. బాలచందర్ తీసిన 'మరో చరిత్ర' 1978 మే నెలలో విడుదలైంది. అప్పటికే రంగుల సినిమాలు బాగా వస్తున్నా, దీన్ని నలుపు తెలుపుల్లోనే తీశారు. కమల్ హాసన్ కథానాయకుడు. సరితకు ఇదే తొలి చిత్రం. పాటలు ఆత్రేయవి, సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్‌ది. ఆ రోజుల్లో కొత్త సినిమా ముందు పట్నాల్లో ఆడి, ఆ తర్వాతే మనలాంటి ఊళ్లకు వచ్చేది. మన హాలుకు వచ్చేసరికి మేము పదో తరగతిలో ఉన్నాం. రిక్షాకు మైకు కట్టి ఊరంతా చెప్పారు. మగపిల్లలం నేల టికెట్టుకు చిల్లర పోగు చేసుకున్నాం.

కథ విశాఖపట్నంలో జరుగుతుంది. బాలు తమిళ అబ్బాయి, పక్కింటి స్వప్న తెలుగు అమ్మాయి. పెద్దలు ఒప్పుకోరు. చివరికి ఏడాదిపాటు ఒకరినొకరు చూసుకోకుండా ఉండాలని షరతు పెడతారు. ఇద్దరూ ఆ ఏడాదీ తట్టుకుంటారు కానీ, కలిసి బతకలేకపోతారు. ఆట వదిలాక హాలు బయట కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు మా సోషల్ మాస్టారు పాఠం ఆపి ఒక మాట చెప్పారు. మదరాసు ఎవరిదన్న తగవు మధ్య 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. పాతికేళ్లు తిరిగేసరికి, ఒక తమిళ దర్శకుడు తెలుగులో తీసిన సినిమాను అదే మదరాసు జనం డబ్బింగు లేకుండానే నెలల తరబడి చూశారు. "సరిహద్దులు కాగితం మీద గీస్తారు, మనసుల్లో గీసుకునేది మనమే" అన్నారాయన. ఇదే కథ 1981లో 'ఏక్ దూజే కే లియే'గా హిందీలోకీ వెళ్లింది.

అయితే మన ఊళ్లో గీతలు చెరగలేదు. మా తరగతిలో ఒక అమ్మాయి ఇంట్లో చెప్పకుండా మ్యాటినీకి వెళ్లింది. పక్కన ఉన్నది స్నేహితురాలే. అయినా ఎవరో చూసి ఇంట్లో చెప్పారు. ఆ వారం నుంచి ఆమె బడికి రాలేదు. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేది. పరీక్ష ఫీజు కూడా కట్టింది. పరీక్షల నాటికి పెళ్లి చేసేశారు. మేమెవరమూ వెళ్లి అడగలేదు. మాస్టార్లూ అడగలేదు. సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లమే, పక్క బెంచీ ఖాళీ అయితే ఊరుకున్నాం.

ఇప్పుడు ఆ హాలు లేదు, ఆ స్థలంలో కల్యాణ మండపం ఉంది. మన సంఘం సభ్యుల జాబితాలో ఆ అమ్మాయి పేరూ లేదు. పదో తరగతి గట్టెక్కినవారినే చేర్చుకుంటూ వచ్చాం మరి.

స్వర్ణోత్సవం సందర్భంగా కార్యవర్గానికి నాదొక్కటే మనవి. పాత హాజరు పట్టీలు తిరగేయండి. మధ్యలో పేరు ఆగిపోయిన ప్రతి ఒక్కరినీ ఈసారి పిలవండి. వాళ్లూ ఈ బడి పిల్లలే.