నీళ్లు ఎటు వోయినయ్?

ఆ కట్టెను జర లోపలికి ఎగదొయ్యిరా బిడ్డా. ఇగ వినుండ్రి. నా బతుకుల ఇంజిన్లు శానా విప్పిన గని, నా మనసు గుంజింది ఒక్కటే, రోటరీ ఇంజిన్. దానికి పిస్టన్ ఉండది, వాల్వులుండయ్, హెడ్డు ఉండది. మూడు మూలల రోటర్ లోపల గిర్రున తిరుగుతది. జర్మనీల వాంకెల్ అనే ఆయన కనిపెడితే, దాన్ని పట్టుకొని నిలవెట్టినోళ్లు జపాన్ల హిరోషిమా కాడి మాజ్డా వాళ్లు. 1967ల కాస్మో స్పోర్ట్ తెచ్చిన్రు, 1978ల ఆర్ఎక్స్-7 తెచ్చిన్రు. మన రోడ్ల మీద అప్పుడు అంబాసిడర్లు, ఫియట్లు. నేను ఆ బండిని జూసింది షార్జాల.

జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ దిక్కు నుంచి ఊర్లకు ఊర్లు గల్ఫుకు వోయే రోజులవి. ఎక్కువ మంది బిల్డింగు పనుల పడ్డరు. నాకు పానా పట్టుడు తెలుసు గాబట్టి గ్యారేజీల దొరికింది. పెద్ద మిస్త్రీ పెషావర్ దిక్కు పఠాన్, అందరం ఉస్తాద్ అంటుంటిమి. ఆడి ఎండ గురించి ఏం చెప్పాలె! ఆగస్టుల 45 డిగ్రీలు దాటుతది. బయట వెట్టిన పానా మధ్యాహ్నం ముట్టుకుంటె చెయ్యి కాలుతది. అసొంటి ఎండల బండికి నీళ్లే పానం.

ఒకనాడు ఒక అరబ్బు పిలగాడు ఎర్ర ఆర్ఎక్స్-7 తెచ్చిండు. 1985ల వచ్చిన రెండో మోడల్, 13బి ఇంజిన్. మసాఫీ దాటి ఫుజైరా గుట్టలెక్కంగ హీటు ముల్లు ఎర్రగీతకు వోయిందట. నీళ్లు వోస్తె నడిచింది, తెల్లారి చూస్తె మళ్ల తక్కువ. కింద సుక్క గూడ లేదు, గని పొద్దుగాల్ల స్టార్ట్ చేస్తె తెల్లపొగ, నీళ్ల మూత కాడ బుడగలు. అంతకుముందు ఇంకో గ్యారేజీల చూపిస్తె రేడియేటర్ మార్చి, లీకు ఆపే పొడి కలిపి పంపిన్రు. ఆ పొడి మాట ఇంటె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. లీకు ఆగుడేమో గని సన్న తొవ్వలన్ని మూసుకుంటయ్.

ఉస్తాద్ పానా ముట్టలే. "నీళ్లు మాయం గావు. పోతే బయటికి పోవాలె, నూనెలకు పోవాలె, లేకుంటె మంటలకు పోవాలె. ఎటు వోయినయో తెలిసినంకనే విప్పుడు" అన్నడు. రాత్రంత బండిని సల్లారనిచ్చిండు. వేడి మీద నీళ్ల మూత తియ్యొద్దు బిడ్డా, ఎన్నడు తియ్యొద్దు. ఆ మూత 0.9 కేజీల ఒత్తిడి పడుతది. ఆ ఒత్తిడిల నీళ్లు 120 డిగ్రీల దగ్గర గాని మసలయ్. మూత తీసిన్రంటె ఒక్కపారే పొంగి మొకం మీదికొస్తయ్.

తెల్లారి మూత కాడ గేజీ ఉన్న చేతి పంపు బిగిచ్చి అంతే ఒత్తిడి ఎక్కిచ్చి వదిలినం. హోసులు చూసినం, వాటర్ పంపు కింద సన్న బొక్క చూసినం, హీటర్ పైపులు తడిమినం. అంత పొడి. నూనె పుల్ల తీస్తె తెల్ల నురుగు లేదు. అయినా గేజీ ముల్లు మెల్లగ దిగుతనే ఉన్నది. ఇగ మిగిలింది మంట తొవ్వ.

ఈ ఇంజిన్ల ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులు, ఒకదాని మీద ఒకటి. ముందు రోటర్‌వి తీస్తె ఎండి గోధుమ రంగున్నయ్. వెనుక రోటర్ కింది ప్లగ్గు తీస్తె చివర తడి, నీటిబొట్టు మెరుస్తున్నది. పంపు ఒత్తిడి అట్లనే ఉంచి, "సెల్ఫ్ కొట్టు" అన్నడు ఉస్తాద్. కొట్టిన. ఆ ప్లగ్గు బొక్కల నుంచి తుప్పు రంగు తుంపర లేచి నా అంగీ మీద పడ్డది. పొద్దుగాల్ల స్టార్ట్ జెయ్యంగ తెల్లపొగ ఎందుకు వస్తున్నదో, మూత కాడ బుడగలు ఎందుకు లేస్తున్నయో అప్పుడు తెలిసింది.

ఎట్లయితదంటె, ఈ ఇంజిన్ మన టిఫిన్ డబ్బా తీరుగుంటది. మూడు పోత ఇనుము పలకలు, నడుమ రెండు అల్యూమినియం గూడులు, పొడుగు బోల్టులు అన్నిటిని కలిపి బిగిస్తయ్. ప్రతి అతుకు కాడ రెండు రబ్బరు రింగులు. లోపలిది మంటను నీళ్లకు తగలనియ్యది, బయటిది నీళ్లను బయటికి పోనియ్యది. మంట ఎప్పుడు ప్లగ్గుల దిక్కే మండుతది, అవతలి దిక్కు సల్లగ ఉంటది. హీటెక్కితె అల్యూమినియం ఇనుము కన్న ఎక్కువ ఉబ్బుతది, నడుమ రింగు మాడుతది. మాడినది మళ్ల సాగది. మామూలు ఇంజిన్ అయితె హెడ్ గ్యాస్‌కెట్ మార్చి పంపొచ్చు. దీన్ని మాత్రం నిలువున విప్పాల్సిందే.

ఇంజిన్ దించినం. ఫ్లైవీల్ నట్టు 54 మిల్లీమీటర్లది, పానాకు పైపు తొడిగి ఇద్దరం ఏలాడితె గాని కదలలే. వెనుక పలక కాడి లోపలి రింగు పట్టంగనే పుటుక్కున విరిగింది. అంతకన్న చెడ్డది దాని కింద ఉన్నది. రింగు కూసునే గాడి అంచు ప్లగ్గుల దిక్కు తుప్పుకు తినుకపోయింది. ఉస్తాద్ గోరుతోని గీరితె పొడి రాలింది. ఆ పిలగాడు "ఇక్కడ మంచు పడదు గద, కూలెంట్ ఎందుకు" అని ఎప్పుడు నల్లా నీళ్లే వోస్తుండె. మంచుకే గాదు బిడ్డా, కూలెంట్ ఇనుముకు తుప్పు పట్టనియ్యది. ఎండ దేశంల దాని అసలు పని అదే.

ఆ పలక పనికి రాదని వేరేది తెప్పిచ్చినం. మిగిలిన వాటి మీద ఇనుప పట్టీ వెట్టి సందుల గేజీ రేకు దూర్చి చూసినం. 0.04 మిల్లీమీటర్ల కన్న ఎక్కువ వంగితె పనికి రాదు. కొత్త రింగులు జారకుంట వ్యాజిలిన్ రాసి, ఒకదాని మీద ఒకటి నిలవెట్టి, బోల్టులు వరుస తప్పకుంట కొద్ది కొద్దిగ బిగిచ్చినం.

గని బండి అసలు ఎందుకు హీటెక్కింది? అది తేల్చక ఇంజిన్ ఎక్కిస్తె మళ్ల మాడుతది. రోటరీల రోటర్లను సల్లవరిచేది నీళ్లు గాదు, నూనె. ముందుల ఉండే ఆయిల్ కూలర్ చూస్తె రెక్కల నిండ ఇసుక, పురుగులు. రేడియేటర్ మార్చినోళ్లు దాని దిక్కే చూడలే. థర్మోస్టాట్ గూడ చవుకది వేసిన్రు. దానికి కింది బిళ్ల లేదు. ఆ బిళ్ల మూస్తెనే వేడి నీళ్లు రేడియేటర్‌కు పోతయ్, లేకుంటె కొన్ని అడ్డతొవ్వల ఇంజిన్లనే తిరుగుతయ్. కూలర్ కడిగి, కంపెనీ థర్మోస్టాట్ వేసి, ముందు చక్రాలు లేపి, సగం కూలెంట్ సగం మంచి నీళ్లు మెల్లగ వోస్త గాలి బుడగలన్ని ఎల్లగొట్టినం.

రోటరీ కచ్చి ఇంజిన్ అంటరు కొందరు. నేనొప్పుకోను. 1991ల ఫ్రాన్స్ల లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన మాజ్డా 787బి నడిచింది నాలుగు రోటర్ల ఇంజిన్ తోనే. వేడిని మాత్రం అది ఓర్చుకోదు, అంతే.

ఉస్తాద్ మధ్యాహ్నం ఎండలనే ఆ పిలగాణ్ణి పక్కన కూసోవెట్టుకొని ఫుజైరా గుట్టలెక్కిచ్చిండు. ముల్లు సగం దాటలే. తెల్లారి మూత తీస్తె నీళ్లు గొంతు దాక ఉన్నయ్. పిలగాడు పైసలు లెక్కవెడుతుంటె ఉస్తాద్ ఒక కూలెంట్ డబ్బా డిక్కీల వెట్టి, "నల్లా కాడికి పోవద్దు" అన్నడు.