ప్రాణహిత తీరమున తెలుగు: గడ్చిరోలి జిల్లా నైసర్గిక స్వరూపము, జనసంఖ్య

మహారాష్ట్రమునకు తూర్పు కొసనున్న గడ్చిరోలి జిల్లా వైశాల్యము 14,412 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలనుబట్టి అందలి జనులు 10,72,942 మంది. అనగా చదరపు కిలోమీటరునకు 74 మంది మాత్రమే. ఆ సంవత్సరముననే రాష్ట్రపు సగటు 365. జిల్లాలో నాలుగింట మూడువంతుల నేల అడవియే.

అయితే ఈ సగటు అంకెను నమ్మి జిల్లాను ఊహించువాడు పొరబడును. జనము అంతట సమముగా పరచుకొని యుండలేదు. ఉత్తరమున వైనగంగ తీరపు వరిపొలములవద్ద ఊళ్లు దట్టము. అచటి భాష మరాఠీ. తూర్పున భామ్రాగఢ్, ఎటపల్లి కొండలలో మాడియా గోండుల చిన్నపల్లెలు అడవిలో దూరదూరముగా నున్నవి. (అచటి యేరొకటి పాముల గౌతమి. ఆ పేరు విన్న తెలుగువాడు ఒక్క క్షణ మాగకపోడు.) దక్షిణమున తీరు వేరు. వైనగంగా వార్ధానదులు కలిసి ప్రాణహితయై, సిరోంచ నొరసికొనుచు పోయి, కాళేశ్వరమునెదుట గోదావరిలో కలియును. అంకీస, ఆసరల్లి మొదలగు తెలుగు గ్రామము లీ నదుల యంచునే యున్నవి. వెనుక అడవి, ముందు నీరు. వంతెనలు పడకపూర్వము ఆవలి గట్టుతో రాకపోకలన్నియు పడవలమీదనే జరిగెడివి.

ఈ తెలుగువారిని వలసవచ్చినవారని తలచుట సరికాదు. ఇచట కదలినవి సరిహద్దులు. 1860లో నిజాము గోదావరి యెడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కొసగగా, సిరోంచ ముఖ్యపట్టణముగా ఎగువ గోదావరి జిల్లా యేర్పడెను. ఆ కాలముననే సర్ ఆర్థరు కాటను తలపెట్టిన నౌకాయాన ప్రణాళిక సాగుచుండెను. గోదావరీ ప్రాణహితలలోని రాతిగండ్లను దాటించి మధ్యపరగణాల ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని తలంపు. 1871లో ఆ పనులు నిలిచిపోయెను. 1874లో జిల్లాయే రద్దయ్యెను. భద్రాచలము, రేకపల్లి మద్రాసు రాజధానిలో చేరినవి. సిరోంచ, నూగూరు, ఆల్బాక, చర్ల చాందా జిల్లాకు పోయినవి. ఈ నాలుగింటిలో కడపటి మూడును 20వ శతాబ్ది తొలి దశకమున మద్రాసునకే మరలినవి. నేడా అయిదు తాలూకాల నేల ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో నున్నది. సిరోంచ యొక్కటియే మిగిలి, మధ్యపరగణాలనుండి మధ్యప్రదేశమునకు, 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు, 1982 ఆగస్టు 26న క్రొత్త గడ్చిరోలి జిల్లాకు చెందినది. గట్టుమీది రైతు తన చేను విడువకయే ఇన్ని యేలుబడులు చూచెను.

జనము పలుచనగుట బడికి వచ్చుసరికి కష్టమగుచున్నది. 1949లో విద్యామంత్రుల సమావేశము మాతృభాషాబోధన విషయమున ఒక కొలత విధించెను: పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాషవారుండిననే ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో ప్రాథమికవిద్య కల్పింపుడని రాష్ట్రములను కోరుచున్నదేగాని సంఖ్య చెప్పలేదు. నలుబది యను నియమము దట్టమైన జిల్లాలను మనస్సున నిడుకొని చేసినదై యుండవలెను. పెద్దగ్రామమున ఆ సంఖ్య సమకూరవచ్చును. అడవిలోని పదునైదిండ్ల పల్లెలో ఎట్లు సమకూరును? ఊరొక్కటిని గాక, గట్టువెంబడి నాలుగైదూళ్లను కలిపి లెక్కించి, నడిమియూర బడి నెలకొల్పినచో, సిరోంచ తాలూకాలో నలుబదిమంది దొరకుట దుర్లభము కాదు.