నవ్వించడం నేర్చుకున్న సైన్సు విద్యార్థులు

మీ తరగతిలో అలాంటివారు ఒకరైనా ఉంటారు. నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేస్తారు. "వాడికి అది పుట్టుకతో వచ్చిందిలే" అని మిగతావారు సరిపెట్టుకుంటారు. ఈత నేర్చుకోవచ్చు, లెక్కలు నేర్చుకోవచ్చు అని ఒప్పుకునే మనం, హాస్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది దేవుడిచ్చిన వరం అంటాం. ఇది ఎంతవరకు నిజం? జవాబు కోసం ఒక శతాబ్దం వెనక్కి, నేటి కోల్‌కతా అయిన ఆనాటి కలకత్తాకు వెళదాం. అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్రం చదువుకున్న ఇద్దరు బెంగాలీలను గొప్పగా నవ్వించారు. ఒకరు సుకుమార్ రాయ్. రెండోవారు రాజశేఖర్ బసు.

క్లబ్బే ప్రయోగశాల

1887లో పుట్టిన సుకుమార్ రాయ్, ప్రముఖ చలనచిత్ర దర్శకుడు సత్యజిత్ రాయ్ తండ్రి. ఆయన 1906లో భౌతిక, రసాయనశాస్త్రాలు రెండింటిలోనూ ఆనర్సుతో పట్టా పొందారు. ఆ రోజుల్లోనే మిత్రులనూ బంధువులనూ పోగుచేసి 'నాన్సెన్స్ క్లబ్' స్థాపించారు. దానికి ఒక చేతిరాత పత్రిక ఉండేది. క్లబ్బు సభ్యులు ఆడటానికి సుకుమార్ చిన్న చిన్న నాటికలు రాసేవారు. ఏ మాటకు నవ్వు వస్తుందో, ఏది చప్పబడిపోతుందో అక్కడికక్కడే తేలిపోయేది. ప్రయోగశాలలో మనం చేసే పని ఇదే కదా!

1911లో ఆయన ముద్రణ, ఫోటోగ్రఫీ సాంకేతిక విద్యల కోసం ఇంగ్లండు వెళ్ళి, 1913లో తిరిగివచ్చారు. అదే సంవత్సరం తండ్రి ఉపేంద్రకిశోర్ పిల్లల కోసం 'సందేశ్' పత్రిక ప్రారంభించారు. 1915లో తండ్రి మరణించాక పత్రిక బాధ్యత సుకుమార్ మీద పడింది. అందులో ఆయన పిల్లలకు సైన్సు వ్యాసాలూ రాశారు, నవ్వుల కథలూ రాశారు. ఇక మిత్రులతో నడిపిన 'మండే క్లబ్' సోమవారాల్లో సమావేశమయ్యేది. తినుబండారాలకు కొదవ ఉండేది కాదు గనుక 'మండా' అనే మిఠాయి పేరు కలిపి దాన్ని 'మండా క్లబ్' అనేవారు. తర్వాతి కాలంలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ కూడా అందులో సభ్యుడే.

సుకుమార్ పద్ధతిని ఒకసారి గమనించండి. జీవశాస్త్రంలో జంతువులకు లాటిన్ తరహా పేర్లు పెడతారని మీకు తెలుసు. 'హేశోరామ్ హుషియార్ డైరీ' అనే కథలో ఆయన శాస్త్రయాత్రల నివేదికలను అనుకరిస్తూ, ఎవరూ చూడని జంతువులకు 'గోమ్రాథీరియం', 'హ్యాంగ్లాథీరియం' అని పేర్లు పెట్టారు. మొదటిది ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండేది, రెండోది తిండికి ఆవురావురుమనేది. తెలుగులో 'అలుగుడోథీరియం', 'తిండిపోతోథీరియం' అనుకోండి! మరోచోట ఆయన బాతును, ముళ్ళపందిని కలిపి ఒకే జంతువును చేశారు. బెంగాలీలో మొదటి మాట చివరి అక్షరమే రెండో మాటకు మొదటి అక్షరం కావడం ఇందులోని కీలకం. మనం కూడా చిలుకనూ కప్పనూ కలిపి 'చిలుకప్ప' చేయవచ్చు. ఇలా చేయడానికి ముందుగా ఒక నియమం తెలిసి ఉండాలి. ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ, దానికి ఏమాత్రం తగని వస్తువును అందులో దూర్చాలి.

నలభై రెండో ఏట మొదలు

రాజశేఖర్ బసు కథ ఇంకా ఆసక్తికరమైనది. 1880లో పుట్టిన ఆయన 1900లో రసాయనశాస్త్రంలో ఎం.ఎ. పూర్తిచేశారు. 1903లో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ స్థాపించిన బెంగాల్ కెమికల్ సంస్థలో రసాయనవేత్తగా చేరి, తర్వాత దాని మేనేజరయ్యారు. మందుల తయారీ, లెక్కలు, ఉత్తరాలు – ఇదీ ఆయన దినచర్య. హాస్య రచయితగా ఆయన మొదటి కథ 1922లో అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు 42! 'పరశురామ్' అనే కలం పేరుతో వచ్చిన ఆ కథలో కొందరు పెద్దమనుషులు అమ్మవారి పేరు మీద ఒక లిమిటెడ్ కంపెనీ పెట్టి, భక్తిని వాటాలుగా అమ్మజూపుతారు. కంపెనీ కాగితాల భాష ఎలా ఉంటుందో ఆయనకు ఏళ్ళ తరబడి తెలుసు. ఆ భాషను అలాగే ఉంచి, విషయాన్ని మాత్రం మార్చారు.

'చికిత్సా సంకట్' అనే మరో కథలో ట్రామునుంచి జారిపడిన ఒకాయన మిత్రుల సలహాలు విని వైద్యుల చుట్టూ తిరుగుతాడు. అల్లోపతి, హోమియోపతి, ఆయుర్వేదం, యునానీ – ఒక్కొక్కరు ఒక్కో రోగం చెబుతారు. 1924లో ఈ కథలు 'గడ్డలిక' అనే పుస్తకంగా వచ్చి రవీంద్రుని మెప్పు పొందాయి. 'చలంతిక' అనే బెంగాలీ నిఘంటువు కూర్చినదీ ఈ రసాయనవేత్తే. మాటలను తూకం వేసి చూడటం ఆయనకు అలవాటు.

తెలుగులోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. 'బారిష్టర్ పార్వతీశం' రాసిన మొక్కపాటి నరసింహశాస్త్రి ఎడింబరోలో వ్యవసాయశాస్త్రం చదివినవారే.

నవ్వు గురించి శాస్త్రం

రాజశేఖర్ తమ్ముడు గిరీంద్రశేఖర్ మనస్తత్వ శాస్త్రవేత్త. అన్నగారి మొదటి కథ వెలువడిన 1922లోనే ఆయన కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లోనే ఛలోక్తుల మీద ఒక గ్రంథం రాశారు.

ఆ తర్వాత పరిశోధన చాలా ముందుకు సాగింది. అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ 1990లలో జనం మాట్లాడుకునే చోట్లకు వెళ్ళి నవ్వులను లెక్కపెట్టారు. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని ఆయన అంచనా. ఎక్కువ నవ్వులు జోకుల వల్ల కాక మామూలు మాటల వెంట వచ్చినవే! అంటే జోకులు బట్టీపట్టడం కన్నా, ఎదుటివారితో కలివిడిగా ఉండటం ముఖ్యమన్నమాట. సుకుమార్ క్లబ్బులు పెట్టడంలోని రహస్యం ఇప్పుడు మీకు తెలిసిందా?

2003లో రాడ్ మార్టిన్ బృందం హాస్యాన్ని నాలుగు రకాలుగా విభజించింది. నలుగురినీ కలిపేది, కష్టంలో తనకు తాను ధైర్యం చెప్పుకునేది, ఇతరులను కించపరిచేది, తనను తానే కించపరచుకునేది. చివరి రెండూ హాని చేసేవి. తోటి విద్యార్థి నత్తినో, రంగునో, చిరిగిన చొక్కానో పట్టుకుని నవ్విస్తే తరగతి నవ్వవచ్చు. కాని ఆ ఒక్కరు మర్నాటినుంచి నోరు విప్పకపోవచ్చు. పరశురామ్ నవ్వింది మోసగాళ్ళను, దొంగబాబాలను, మన తెలివితక్కువ నమ్మకాలను. మీ జోకు ఎవరికి తగులుతుందో ముందే చూసుకోండి.

రెండో రకానికి సుకుమారే ఉదాహరణ. 1921లో ఆయనకు కాలా-అజార్ జ్వరం సోకింది. అదే నగరంలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఆ వ్యాధికి యూరియా స్టిబమైన్ అనే మందు కనిపెట్టారు. అయితే అది విస్తృతంగా వాడకంలోకి రాకముందే, 1923 సెప్టెంబరు 10న, 35 ఏళ్ళ వయస్సులో సుకుమార్ కన్నుమూశారు. మంచం పట్టిన ఆ రెండేళ్ళూ ఆయన రాయడం, బొమ్మలు వేయడం మానలేదు. పిల్లల గేయాల పుస్తకం 'ఆబోల్ తాబోల్' ఆయన పోయిన తొమ్మిది రోజులకు వెలువడింది. నవ్వు ఆయన రోగాన్ని నయం చేయలేదు. అది మందులు చేయవలసిన పని. కాని రోగం ఆయన చేతిలోని కలాన్ని లాక్కోలేకపోయింది.

మీరూ చేసి చూడండి

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. వారం రోజులపాటు మీ ఇంట్లో, బస్సులో, బడిలో వింతగా తోచిన వాటిని రాయండి. నోటీసు బోర్డు భాషలో మీ ఇంటి పిల్లికి ఒక హెచ్చరిక రాయండి. ప్రయోగ నివేదిక పద్ధతిలో – ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అంటూ – మీ అమ్మగారి దోసెలను వర్ణించండి. ఇద్దరు ముగ్గురు మిత్రులకు వినిపించి, వారు నవ్వని చోటల్లా గుర్తు పెట్టుకుని దిద్దండి. మొదట్లో నవ్వని చోట్లే ఎక్కువగా ఉంటాయి. నిరుత్సాహపడకండి. రాజశేఖర్ బసు 42వ ఏట మొదలుపెట్టారు. మీకు ఇంకా బోలెడు వ్యవధి ఉంది.