కాలవ గట్టు మీద పరుగు

న్యూజెర్సీ అంటే టర్న్‌పైకూ, రూట్ వన్ ట్రాఫిక్కూ, స్ట్రిప్ మాల్సూ తప్ప ఇంకేముంది అని వేరే రాష్ట్రాల మిత్రులు మమ్మల్ని ఆటపట్టిస్తుంటారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. ఇక్కడే ఇరవయ్యేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళలో కూడా చాలామందికి ఇళ్ళ వెనకే డెబ్భై మైళ్ళ పొడుగున ఒక పచ్చని బాట ఉందన్న సంగతి తెలియదు. ప్రిన్స్‌టన్ నుంచి ఈశాన్యంగా కింగ్‌స్టన్, రాకీ హిల్, గ్రిగ్స్‌టౌన్, బ్లాక్‌వెల్స్ మిల్స్ మీదుగా న్యూ బ్రన్స్‌విక్ వైపు వెళ్ళే ఏ చిన్న రోడ్డెక్కినా ఏదో ఒకచోట ఇరుకు వంతెన ఒకటి వస్తుంది. కింద కదిలీ కదలనట్టు ఉండే నీళ్ళు, పక్కన చెట్ల నీడలో మట్టిబాట. చాలామంది దాన్ని ఏదో వాగు అనుకుని దాటిపోతారు. అది వాగు కాదు, మనుషులు చేతులతో తవ్విన కాలవ. పేరు డెలవేర్ అండ్ రారిటన్ కెనాల్. దాని గట్టు మీద నేను పన్నెండేళ్ళుగా వారానికి మూడు రోజులు పరిగెత్తుతున్నాను. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని, చరిత్రకారుణ్ణి కాను. కానీ రోజూ తొక్కే మట్టి ఎవరు పోశారో తెలుసుకోవాలన్న కుతూహలం కొద్దీ చదివినవి, తిరిగి చూసినవి ఇక్కడ మీతో పంచుకుంటాను.

గట్టు ఎందుకంత చదునుగా ఉంటుంది?

మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి కూడా డాక్టర్లు అభ్యంతరం చెప్పని బాట ఇది. ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు. కారణం తేలికే. కాలవలో నీరు మట్టంగా నిలబడాలి కాబట్టి కాలవని మట్టంగానే తవ్వాలి, దాని గట్టూ అలాగే ఉంటుంది. నేల ఎత్తు మారినచోట కాలవని వంచరు, లాకు కడతారు. లాకులంటే గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రెండు తలుపుల మధ్య పడవని నిలిపి, నీరు నింపో వదిలో పైకెత్తడం, కిందికి దించడం. ఈ కాలవకి ప్రధానభాగంలో పద్నాలుగు లాకులున్నాయి. కింగ్‌స్టన్‌లో ఒకటి, గ్రిగ్స్‌టౌన్‌లో ఒకటి ఇప్పటికీ చూడొచ్చు. పాత చెక్క తలుపులు లేవు గాని, రాతి గోడలు అలాగే ఉన్నాయి. లాకు పక్కనే లాకు కాపలాదారు ఇల్లు. విజ్జేశ్వరం, ధవళేశ్వరం వైపు పెరిగినవాళ్ళకి ఆ ఇల్లు చూడగానే ప్రాణం లేచొస్తుంది.

గట్టు మీద బాట ఎందుకు వచ్చిందంటే, పడవలకి మొదట్లో ఇంజన్లు లేవు. కంచర గాడిదలకి తాడు కట్టి గట్టు వెంట నడిపిస్తే అవి పడవని లాగేవి. మన కాలవల్లో ఆ పని మనుషులే చేశారు, తాడు భుజానికేసుకుని. ఇక్కడ కంచర గాడిదలు నడిచిన దారిలోనే ఇవాళ మనం ఖరీదైన బూట్లేసుకుని పరిగెత్తుతున్నాం.

తవ్వినవాళ్ళు

న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల మధ్య సముద్రం మీదుగా కేప్ మే చుట్టూ తిరిగి వెళ్ళే బాధ తప్పించడం ఈ కాలవ ఉద్దేశం. డెలవేర్ నది మీద బోర్డెన్‌టౌన్ నుంచి రారిటన్ నది మీద న్యూ బ్రన్స్‌విక్ దాకా 44 మైళ్ళు. న్యూజెర్సీ శాసనసభ 1830 ఫిబ్రవరి 4న ఈ కాలవ కంపెనీకి అనుమతి ఇచ్చింది. తమాషా ఏమిటంటే అదే రోజున దాని ప్రత్యర్థి అయిన కామ్డెన్ అండ్ ఆంబోయ్ రైల్‌రోడ్డుకి కూడా ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ పోట్లాట మాని ఒక్కటయ్యారు. 1831లో రెండు కంపెనీలనీ కలిపిన చట్టాన్ని జనం ‘పెళ్ళి చట్టం’ అని పిలిచారు.

కాలవకి పెద్దదిక్కు రాబర్ట్ స్టాక్‌టన్. ప్రిన్స్‌టన్‌లో పుట్టిన నౌకాదళ అధికారి, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన రిచర్డ్ స్టాక్‌టన్ మనవడు. షేర్లు అమ్ముడుపోకపోతే తన డబ్బూ, చార్లెస్టన్ వర్తకుడైన మామగారి డబ్బూ పెట్టి నిలబెట్టాడు. అన్నట్టు, కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ నగరానికి ఈయన పేరే పెట్టారు. 1912లో పంజాబీ రైతులు అమెరికాలో మొట్టమొదటి గురుద్వారా కట్టుకున్నది ఆ ఊళ్ళోనే. చీఫ్ ఇంజనీరు కాన్వస్ వైట్, ఈరీ కాలవ మీద పని నేర్చుకున్నవాడు. 1834 జూన్‌లో కాలవ తెరిచారు. ఆ ఏడాది చివర్లోనే ఆయన చనిపోయాడు.

ఒక ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన విషయం కాలవకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయన్నది. లాకు తెరిచిన ప్రతిసారీ నీరు కిందికి పోతుంది. కాబట్టి కాలవలో అన్నిటికన్నా ఎత్తైన చోటికి ఎడతెగకుండా నీరు అందాలి. ఆ ఎత్తైన చోటు ట్రెంటన్. అక్కడికి నీరు తేవడానికి డెలవేర్ నదికి ఎగువన బుల్స్ ఐలాండ్ దగ్గర మొదలుపెట్టి 22 మైళ్ళ పిల్లకాలవ తవ్వారు. అక్కణ్ణుంచి న్యూ బ్రన్స్‌విక్ దాకా నీరు పల్లానికే పారుతుంది, పంపు అక్కర్లేదు. మరోచోట, మిల్‌స్టోన్ నదిని దాటించడానికి నది మీద వంతెనలాగా తొట్టికట్టి కాలవనే అందులోంచి పారించారు. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవాళ్ళకి ఇదీ కొత్త కాదు. కింద వైనతేయ, పైన కాలవ. అది కూడా 19వ శతాబ్దం మధ్యలో కట్టినదే.

ఇక తవ్వింది ఎవరు? చాలామంది ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు. డైనమైట్‌కి నోబెల్ పేటెంటు తీసుకున్నది 1867లో, అంటే ఈ కాలవ పూర్తయ్యాక ముప్ఫై మూడేళ్ళకి. వీళ్ళ దగ్గర ఉన్నవి పలుగూ, పారా, తోపుడు బండీ, రాయి అడ్డొస్తే తుపాకిమందు. నాలుగేళ్ళలోపు అరవై ఆరు మైళ్ళు తవ్వారు. ప్రధాన కాలవ వెడల్పు 75 అడుగులు, లోతు 7 అడుగులు.

1832లో కలరా వచ్చింది. ఇక్కడే మనకి ఒక విచిత్రమైన సంబంధం ఉంది. అప్పటి పత్రికలు దాన్ని ‘ఏషియాటిక్ కలరా’ అన్నాయి. బెంగాల్ డెల్టాలో పుట్టి, రష్యా మీదుగా యూరప్ చేరి, ఓడలెక్కి 1832 వేసవిలో క్యూబెక్, న్యూయార్క్ రేవుల్లో దిగింది. నీళ్ళ ద్వారా వస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. జాన్ స్నో లండన్‌లో ఆ సంగతి చూపించింది 1854లో. తెలియదు గనక తేలిగ్గా దొరికినవాళ్ళ మీద నింద వేశారు. ఐరిష్ వాళ్ళు మురికివాళ్ళు, తాగుబోతులు, రోగం వాళ్ళతోనే వచ్చిందన్నారు. కాలవ పనుల్లోని గుడిసెల్లో కూలీలు చనిపోతే గట్టు పక్కనే పూడ్చారని స్థానిక చరిత్రలు చెబుతాయి. స్టాక్‌టన్ పేరు ఊళ్ళకి ఉంది, వైట్ పేరు పుస్తకాల్లో ఉంది. తవ్వినవాళ్ళ పేర్లు మాత్రం చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు.

ఆ తరవాత కూడా వాళ్ళ బతుకు తేలిక కాలేదు. 1844లో, ఈ కాలవకి దగ్గర్లోనే ఉన్న ఫిలడెల్ఫియాలో, వలసవాళ్ళంటే పడని మూకలు రెండు ఐరిష్ కాథలిక్కు చర్చిలని తగలబెట్టాయి. నాకు ఇది చదివినప్పుడు 1987 గుర్తొచ్చింది. ఆ ఏడాది ఇదే న్యూజెర్సీలో, జెర్సీ సిటీలో, ‘డాట్‌బస్టర్స్’ అని పేరు పెట్టుకున్న ముఠా బొట్టు పెట్టుకునే మనవాళ్ళని వెళ్ళగొడతామని ఉత్తరం రాసి పత్రికకి పంపింది. ఆ రోజుల్లో భారతీయుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలు కూడా పోయాయి. రెంటికీ మధ్య నూట నలభై మూడేళ్ళు. నిందించేవాళ్ళ భాష పెద్దగా మారలేదు, నిందపడేవాళ్ళు మాత్రం మారారు. ఐరిష్ వాళ్ళ మునిమనవలు గవర్నర్లూ, అధ్యక్షులూ అయ్యారు. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ మీద మనమే ఇప్పుడు పార్టీల్లో చులకనగా మాట్లాడేటప్పుడు ఈ లెక్క గుర్తుంటే మంచిది.

మన దగ్గరా ఇలాంటి కాలవే ఉంది. 1876-78 కరువులో మద్రాసు రాజధాని జిల్లాల్లో లక్షలమంది మాడిపోతుంటే, కరువు పనుల కింద కూలీలని పెట్టి బకింగ్‌హామ్ కాలవని పొడిగించారు. పేరు అప్పటి మద్రాసు గవర్నరుది. తవ్వింది ఎముకలగూళ్ళుగా మిగిలిన జనం. ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టిన కాటన్ దొరకి జిల్లా అంతా విగ్రహాలున్నాయి. ఉండవలసిందే. కానీ రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లు మా ఊళ్ళో ఎవరికీ తెలియవు, మా ఇంట్లో కూడా.

బొగ్గు పోయింది, నీళ్ళు మిగిలాయి

ఈ కాలవ అనుకున్నదానికన్నా బాగా నడిచింది. పెన్సిల్వేనియా గనుల బొగ్గు న్యూయార్క్ చేరడానికి ఇదే దగ్గర దారి. మొత్తం సరుకులో ఎక్కువ భాగం బొగ్గే. 1860, 70 దశకాల్లో ఏడాదికి ముప్ఫై లక్షల టన్నులకి దగ్గరగా రవాణా అయిన సంవత్సరాలున్నాయి. 1871లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ దీన్ని 999 సంవత్సరాలకి కౌలుకి తీసుకుంది. రైళ్ళ కంపెనీకి కాలవ బాగుపడితే ఏం లాభం? 61 ఏళ్ళకే, 1932 చివర్లో, పడవలు ఆగిపోయాయి. ట్రెంటన్ ఊళ్ళో కాలవని కప్పేసి తరవాత దాని మీదే రూట్ వన్ ఫ్రీవే వేశారు. ఆ రోడ్డు మీద రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ కాలవ మీదే వెళుతున్నారన్నమాట.

మిగతాది కూడా అలాగే పోవలసింది. దాన్ని కాపాడింది మంచినీళ్ళు. రాష్ట్ర ప్రభుత్వం కాలవని తీసుకుని మరమ్మతు చేసి నీటి సరఫరాకి వాడడం మొదలుపెట్టింది. ఇవాళ మధ్య న్యూజెర్సీలో లక్షలాదిమందికి తాగునీరు ఇందులోంచే వస్తుంది. కలరాతో చచ్చిపోయినవాళ్ళు తవ్విన కాలవలోని నీళ్ళు శుద్ధి అయి మన వంటింట్లోకి వస్తున్నాయి. నేనైతే ఈ సంగతి తెలిశాక చాలా రోజులు గ్లాసు ఎత్తినప్పుడల్లా అనుకునేవాణ్ణి.

తరవాత స్థానికులు పట్టుబట్టారు. 1973లో కాలవ జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. 1974లో చట్టం చేసి స్టేట్ పార్కుగా ప్రకటించారు, కాపాడడానికి ఒక కమిషన్ కూడా పెట్టారు. కాలవ పరిసరాల్లో పెద్ద కాలనీలు, ఆఫీసు భవనాలు కట్టాలంటే వాననీరు ఎటు పోతుందో ఆ కమిషన్‌కి చూపించాలి. మన టౌన్‌హౌసుల వెనక ఆ నీటి గుంటలు ఊరికే రాలేదు.

ఎక్కడ పరిగెత్తాలి

కొత్తవాళ్ళకి నేను మూడు ముక్కలు చెబుతాను. మొదటిది ప్రిన్స్‌టన్ అలెగ్జాండర్ రోడ్డు నుంచి కింగ్‌స్టన్ దాకా. ఒక పక్క కాలవ, రెండో పక్క కార్నెగీ చెరువు. కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ విశ్వవిద్యాలయంలో పడవ పందేల కోసం మిల్‌స్టోన్ నదికీ, స్టోనీ బ్రూక్‌కీ అడ్డంగా ఆనకట్ట కట్టించి 1906లో ఇచ్చిన చెరువు అది. అప్పటి అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కి చదువుల ఖర్చుకి డబ్బిస్తే బాగుండునని ఉండేది. 1933లో ఇక్కడికి వలస వచ్చిన ఐన్‌స్టైన్ ఈ చెరువులోనే తెరచాప పడవ నడిపేవాడు.

రెండోది కింగ్‌స్టన్ నుంచి గ్రిగ్స్‌టౌన్ దాకా, సుమారు ఐదు మైళ్ళు. పూర్తిగా అడవి నీడ. జూలై ఎండలో కూడా తల కాలదు. దారికి దగ్గర్లో రాకింగ్‌హామ్ అనే ఇల్లుంది. 1783లో వాషింగ్టన్ సైన్యానికి వీడ్కోలు సందేశం సిద్ధం చేసింది అక్కడే. మూడోది గ్రిగ్స్‌టౌన్ నుంచి బ్లాక్‌వెల్స్ మిల్స్ మీదుగా. ఒక పక్క కాలవ, ఒక పక్క నది, వాటి అవతల పొలాలు. ఏప్రిల్‌లో దుంగల మీద తాబేళ్ళు వరసగా ఎండ కాచుకుంటాయి. నీలి కొంగ మనిషి దగ్గరికొచ్చే దాకా కదలదు.

ఒక జాగ్రత్త. పెద్ద వానల తరవాత వెళ్ళకండి. 1999లో ఫ్లాయిడ్, 2021లో ఐడా తుపానులప్పుడు ఈ లోయ అంతా నీళ్ళల్లో ఉంది. ఇంటికొచ్చాక కాళ్ళకి పిడుదులు పట్టాయేమో చూసుకోండి.

పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. సోషల్ స్టడీస్‌లో వాళ్ళకి ఎలిస్ ఐలాండ్ గురించి చెబుతారు గాని, ఇంటి పక్క కాలవ గురించి ఎవరూ చెప్పరు. గట్టు మీద మైలుకొకటి చొప్పున పొట్టి గుర్తురాళ్ళుంటాయి, ఒక్కోదాని మీద రెండు అంకెలు. ఒకటి బోర్డెన్‌టౌన్ ఎంత దూరమో, రెండోది న్యూ బ్రన్స్‌విక్ ఎంత దూరమో. రెండూ కూడమంటే ఎక్కడైనా 44 వస్తుంది. మా చిన్నది అది కనిపెట్టి ఎగిరి గంతేసింది. ఆ 44 మైళ్ళూ ఎవరు తవ్వారని తరవాత అదే అడిగింది. జవాబు చెప్పడానికి నాకు రెండు మైళ్ళు పట్టింది.