ఒంగోలు ఉజ్జీవానికి అసలు మూలం
విశ్వాసంలో తొలినాటి ఉత్సాహం పెద్ద సభలతోనే తిరిగి వస్తుందని చాలామంది నమ్మకం. ఒంగోలు చరిత్ర చూస్తే నాకలా అనిపించదు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడిన అక్కడి బాప్టిస్టు సంఘం, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. ఇద్దరు బోధకులు నీళ్లలో నిలబడేవారు. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవారు. బాప్తిస్మం పొందినవాళ్లంతా అప్పటి కరువులో గంజి కోసం చేరారన్న ఆక్షేపణ అప్పుడే పుట్టింది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించినంత కాలం అక్కడి మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. పని చేయించే బోధకులే విరామవేళ కూలీల మధ్య కూర్చుని సువార్త చెప్పారు. మూడు నెలలకోసారి బోధకులు ఒంగోలులో కలిసి, తమ ఊళ్ల సంగతులు చెప్పుకుని, ప్రార్థించి, మళ్లీ కాలినడకన పల్లెలకు వెళ్లేవారు. నదిలోని ఆ ఒక్కరోజుకన్నా ఈ రాకపోకలకే నేను ఎక్కువ విలువిస్తాను.