నడకలో నిలకడ (వృద్ధులు)

వయసు పైబడినవారు తూలకుండా నడిచేలా చేయించే పరీక్షలకూ వ్యాయామాలకూ వెనుక పెద్ద చరిత్రే ఉంది. ‘ముసలితనం, పడక తప్పుతుందా’ అని సరిపెట్టుకున్న కాలమే ఎక్కువ. కొలత వచ్చాకే వైద్యం వచ్చింది. 1989లో కెనడాలో నిలకడను అంచనా వేసే బెర్గ్ కొలమానం, 1991లో కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి మళ్లీ వచ్చి కూర్చునే పరీక్ష వాడుకలోకి వచ్చాయి. పీట మీదా చాప మీదా బతుకు గడిపిన మన పెద్దల సత్తువను కుర్చీ సగమే చెబుతుంది. నేల మీంచి చెయ్యి ఆనించకుండా లేవగలరా అన్నది మిగతా సగం.

తెలుగునాట ఈ విషయానికి మేడ్చల్ ముఖ్యమైన చోటు. మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లోని మెడిసిటీ ఆసుపత్రినీ, దాని తోడి పరిశోధన సంస్థ షేర్ ఇండియానూ నెలకొల్పడంలో ముందున్నది అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ హృద్రోగ నిపుణుడు డాక్టర్ పి.ఎస్. రెడ్డి. షేర్ ఇండియా 1990ల నుంచి మండలంలోని పల్లెల్లో ఇంటింటి ఆరోగ్య వివరాలు నమోదు చేస్తూ వచ్చింది. ఆ పునాది మీదే, పిట్స్‌బర్గ్ తోడ్పాటుతో, వయసు పైబడినవారి కదలికల మీద ‘మైల్స్’ అధ్యయనం సాగింది.

నిలకడ కాళ్ల బలమొక్కటే కాదు. కన్ను, లోపలి చెవి, అరికాలి స్పర్శ మూడూ కలిసి నిలబెడతాయి. శుక్లం కమ్మినా, మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినా గడప దగ్గరే కాలు తడబడుతుంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ హైదరాబాద్ ప్రాంతంలోని 41 వృద్ధాశ్రమాల్లో పరిశీలించి, చూపు తగ్గడానికీ పడిపోవడానికీ ఉన్న లంకెను 2020లో ప్రకటించింది.

వ్యాయామాల్లో 1996 నాటి అట్లాంటా తాయ్‌చీ ప్రయోగం, 1997లో 80 దాటిన స్త్రీలతో న్యూజిలాండ్‌లో చేసిన ఒటాగో పద్ధతి మైలురాళ్లు. 2017లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు కూర్చోబెట్టి చేయించే కసరత్తుతో తమ ‘ఆన్ ద మూవ్’ పద్ధతిని పోల్చారు. ఇందులో పెద్దలు గుండ్రంగా, మెలికలు తిరుగుతూ, అడుగుకు అడుగు కుదురుస్తూ నడుస్తారు. వీరి నడక వేగమూ, నడిచిన దూరమూ ఎక్కువ మెరుగయ్యాయి. వ్యాయామంతో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గుతాయని 2019 నాటి కాక్రేన్ సమీక్ష లెక్కగట్టింది.